రత్నమ్మగారి రేట్ల బోర్డు

వర్షానికి తడిసిన కొబ్బరి పీచుకు ఒక వాసన ఉంటుంది. కాస్త పులుపు, కాస్త మట్టి. మొన్న పాలకొల్లు రోడ్డులో బస్సు ఆగినప్పుడు అది కిటికీలోంచి లోపలికొచ్చింది. అదే సమయంలో పక్కసీటు అతను ఫోనులో క్రిప్టో ధరల సైట్ తెరిచి, పచ్చ అంకెల్నీ ఎర్ర అంకెల్నీ వేలితో పైకి తోస్తున్నాడు. ఆ వాసనా ఆ అంకెలూ ఒకేసారి ఎదురైతే నాకు గుర్తొచ్చే మనిషి ఒక్కరే.

బీటెక్ అయ్యాక నేను చేసిన మొదటి ఉద్యోగం ఒక కొబ్బరి మార్కెట్ యార్డులో, కాంట్రాక్టు మీద, కంప్యూటర్ ఆపరేటరుగా. రత్నమ్మగారు అక్కడ రేట్ల గుమాస్తా. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ యార్డు. గేటు పక్కనున్న నల్లబోర్డు మీద ఆ రోజు కాయ ధర రాయడం ఆవిడ పని. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. ఆవిడ పద్ధతి నాకు మొదట్లో చాదస్తంగా తోచింది. సరుకు లారీకెక్కి గేటు దాటితేనే ధర రాసేవారు. ధర పక్కన ఎన్ని లారీలో రాసేవారు. అమ్మకం లేని రోజు ఆ గడి ఖాళీగా వదిలేసేవారు.

"ఖాళీ వదిలితే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదండి," అన్నాను.

"అయితే ఒప్పించు బాబూ. నువ్వు చదువుకున్నది అందుకేగా."

ఒకరోజు వీరభద్రం అనే దళారి వచ్చి ఒక ధర చెప్పి, బోర్డు మీద ఎక్కించమన్నాడు. ఆయన గోడౌన్ నిండా సరుకుంది. బోర్డు మీద ధర పెరిగితే బయటూరి వ్యాపారి దాన్ని చూసి ఎక్కువకు కొంటాడని ఆశ.

"ఎవరు కొన్నారండి?" అన్నారు రత్నమ్మగారు.

"కొంటారు లెండి. రాసెయ్యండి."

"కొన్నాక రండి. సుద్దముక్క ఎక్కడికీ పారిపోదు."

ఆయన మళ్లీ వారం తిరక్కుండా వచ్చాడు. ఈసారి అమ్మకం చూపించాడు. సరుకు ఆయనది, కొన్నది ఆయన తమ్ముడు. మధ్యాహ్నం లోపల మూడు లారీలు గేటు దాటాయి. నేను కంప్యూటర్లో మూడు అని కొట్టబోతుంటే రత్నమ్మగారు నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్లారు. మూడో లారీ వెనక తలుపు చెక్క మీద సుద్దగీత ఉంది. పొద్దున మొదటి లారీ మీద ఆవిడే గీశారట. అన్న అమ్మడం, తమ్ముడు కొనడం, వెనక సందులోంచి అదే సరుకు మళ్లీ లోపలికి రావడం. ఆ రోజు గడి ఖాళీగానే ఉంది. వీరభద్రం యార్డు మధ్యలో నిలబడి తిట్టాడు. ఆవిడ గొడుగు వేసుకుని భోజనానికి వెళ్లిపోయారు.

ఆ ఏడాదే మా అక్క భర్త శ్రీనుబావ ఒక కొత్త క్రిప్టో కాయిన్ గురించి విన్నాడు.

"ఏరా కిరణూ, నువ్వు ఇంజనీరువి కదా. ఇది నిజమైనదో కాదో చూసి చెప్పరా."

చూశాను. పేరుంది, బొమ్మ ఉంది, ధర ఉంది, కొండెక్కుతున్న గ్రాఫు ఉంది. "సైట్‌లో ఉంది బావా. నిజమైనదే," అన్నాను. అంత మాట చాలింది. ఆ డబ్బు కాయిన్‌లో పెట్టాలని, ఉన్న అరెకరం కొబ్బరితోట అమ్మకానికి బేరం కుదుర్చుకున్నాడు. రిజిస్ట్రేషన్ వచ్చే సోమవారం.

మర్నాడు రత్నమ్మగారికి ఆ సైట్ గొప్పగా చూపించాను.

"ఇది కాయిన్లు అమ్ముతుందా?" అన్నారు.

"లేదండి. అవి అమ్ముడయ్యే ఎక్స్‌ఛేంజీల నుంచి ధరలు తెచ్చి ఒకచోట చూపిస్తుంది."

"నా బోర్డులాగా. మరి నా బోర్డు మీద ధర ఉంటే ఆ కాయలో నీళ్లున్నాయని నేను పూచీ పడ్డట్టా?"

ఆవిడ తెర దగ్గరికి కుర్చీ లాక్కున్నారు.

"ఎన్ని లారీలో చూపించు."

అప్పటిదాకా నేను ధర కింద ఏముందో చూడలేదు. ఆ కాయిన్ అమ్ముడవుతున్నది ఒక్క ఎక్స్‌ఛేంజీలో. రోజువారీ అమ్మకం దాదాపు ఒకటే అంకె, నెల పొడుగునా. మొత్తం విలువంటూ చూపించిన పెద్ద అంకె, గంపెడు కాయల ధరను తోటలో ఉన్న కాయలన్నిటికీ కట్టినట్టుంది.

"ఒకటే లారీ తిరుగుతోంది బాబూ," అన్నారావిడ.

సాయంత్రం బావకు చెప్పాను. "నిన్న నిజమన్నావు, ఇవాళ కాదంటున్నావు. రేపేమంటావో! ఆదివారం తణుకులో ఆ కాయిన్ వాళ్ల మీటింగుంది. దమ్ముంటే అది నడిపే ఆయన్నే అడుగు," అన్నాడు.

వెళ్లాను. ఫంక్షన్ హాలు నిండిపోయింది. కోటు వేసుకున్నాయన అదే సైట్ తెర మీద వేసి, "ఇది మేం రాసిన ధర కాదండి, ప్రపంచమంతా చూసే ధర," అంటున్నాడు. లేచి నిలబడ్డాను.

"ఆ సైట్ దేనికీ పూచీ పడదండి. జరిగిన అమ్మకాల్ని చూపిస్తుంది, అంతే. ధర కింద ఏముందో కూడా చూపించండి."

"తమరి జీతమెంతండి, ఇంజనీరుగారూ?"

హాలంతా నవ్వింది. బావ తల దించుకున్నాడు.

"తక్కువేనండి. కాని నెలాఖరున చేతికొస్తుంది. మీరు ఇప్పుడే, ఇక్కడే, ఒక వంద కాయిన్లు అమ్మి చూపించండి. కూర్చుంటాను."

"సభ్యులెవరూ ఇంకా ఆర్నెల్లు అమ్మకూడదండి. మీ మేలు కోసమే తాళం వేశాం."

"అమ్మడానికి తాళం ఉంటే, గ్రాఫులో రోజూ అమ్ముతున్నదెవరండి?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇద్దరు కుర్రాళ్లు వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. క్షమాపణ చెప్పి వెళ్లమన్నారు. చెప్పకుండానే వెళ్లాను. ఇప్పటికీ చెప్పలేదు.

సోమవారం బావ రిజిస్ట్రేషన్‌కు వెళ్లలేదు. నాతో నాలుగు నెలలు మాట్లాడలేదు. నలుగురిలో పరువు తీశానన్నాడు. ఓర్వలేనివాణ్ణని ఊళ్లో కొందరన్నారు. ఆ కాయిన్ తర్వాత ఏమైందని అడిగేవాళ్లకు నేను చెప్పను. పదింతలు పెరిగి ఉన్నా నేను అదే ప్రశ్న అడిగేవాణ్ణి.

బావ సంగతి చెప్పుకుని బాధపడితే రత్నమ్మగారు కళ్లజోడు తుడుచుకుంటూ, "అలిగాడా? అలగనివ్వు. తోట ఉందిగా," అన్నారు.

ఆవిడ పోయి ఏడాది దాటింది. నేనిప్పుడు ఏ సైట్ తెరిచినా ముందు ఎక్కడ అమ్ముడవుతోందో చూస్తాను, తర్వాత ఎంత, తర్వాత ఎవరెవరి మధ్య. ధర అన్నిటికన్నా చివర చూస్తాను. ఈలోగా సమయం మించిపోతోందని తొందరపెట్టేవాళ్లుంటారు. వాళ్లను కూర్చోమంటాను.