డాలుకు బదులు నులక మంచం

ముప్పై ఏళ్లు దాటాక అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. కొత్తగా చదవడం వచ్చినవాడు ఊరికే ఉండడు. దేవరకొండ దగ్గర మా ఊళ్లో బడి సారును అడిగి తెచ్చుకున్న చరిత్ర పుస్తకాన్ని వినేవాళ్లకూ విననివాళ్లకూ చదివి వినిపించేవాణ్ణి. అందులో జర్మన్ తెగల పాఠం నాకు మహా ఇష్టం. రోమ్ రాజ్యం కూలిపోతే, ఆ తెగలవాళ్లు తమ నాయకుణ్ణి డాలు మీద నిలబెట్టి, భుజాలకెత్తుకుని, ఇతనే మా రాజు అన్నారు. ఒక్కటే మింగుడుపడలేదు. గెలిచాక కూడా చాలాకాలం తమ నాణేల మీద రోమ్ చక్రవర్తి బొమ్మే వేశారట. ఎందుకని అడిగితే, అలవాటు అన్నాడు సారు. నేను నమ్మలేదు. గెలిచినవాడికి అలవాటేమిటి?

ఆ ఏడే మా అక్క మొగుడు దొర మనిషిని ఓడించి సర్పంచి అయ్యాడు. కోటలాంటి దొర గడి ముందు నుంచి ఎవరు పోయినా చెప్పులు విప్పి చేత పట్టుకోవాల్సిందే. ఈసారి చెప్పులతోనే పోతానని బావ అక్కకు మాటిచ్చాడు. తీరా పదవిలో కూర్చునే రోజు ఇంట్లోంచి కదలడు. పంచాయతీకి గడి ముందు నుంచే దారి మరి.

నాకు పాఠం గుర్తొచ్చింది. డాలెక్కడిది? నులక మంచం తెచ్చాం. బావను దాని మీద కూర్చోబెట్టి నలుగురం ఎత్తుకున్నాం. ముందు డప్పులు. ఎదురొచ్చిన ముసలామె మంచం చూసి, డప్పు విని, ఎవరు పోయారోనని ఏడుపందుకుంది.

"నేనే అవ్వా, బతికే ఉన్న" అన్నాడు బావ పైనుంచి.

నవ్వుకు మా భుజాలు కదిలి మంచం ఊగింది.

గడి దగ్గరికొచ్చాం. తలెత్తి చూద్దును కదా, మా రాజు చెప్పులు రెండూ విప్పి చంకలో పెట్టుకున్నాడు. నేలకు కాలే తగలని చోట!

"చెప్పులెందుకిడిసినవ్ బావా?"

"ఏమో రా, కాళ్లే ఇడిసినయ్."

నాకు నాణెం గుర్తొచ్చి నవ్వాపుకోలేకపోయాను. మంచం ఒరిగింది. బావ గడి వాకిట్లో పడ్డాడు. దెబ్బేం తగల్లేదు, నవ్వుతో లేవలేకపోయాడంతే.

వెనకే వస్తున్న అక్క నవ్వలేదు. జారిపడ్డ చెప్పులు తన కాళ్లకే తొడుక్కుని, టపటపలాడిస్తూ గడి దాటింది. బావ వట్టి కాళ్లతో వెంటపోయాడు. అవతల అవి విప్పి ఆయన ముందు పెట్టింది.

"తొడుక్కో. ఎన్కకు పోయి మల్ల రా."

బావ పోయాడు, వచ్చాడు. రుచి మరిగాడేమో, ఎవరూ చెప్పకుండానే ఇంకోసారి పోయొచ్చాడు. ప్రతిసారీ డప్పు మోగింది.