నీడ మాయమైన పూట

మొన్న పొద్దున తిరుపతిలో మిద్దెమీద నిలబడి తలెత్తితే, కొండమీదుగా తూర్పుదాకా బూడిదరంగు దుప్పటి పరిచినట్టుంది ఆకాశం; మసక అద్దం వెనక దీపంలా ఉన్నాడు సూర్యుడు. పాతికేళ్ళ కిందట పోయిన నా పరువు గుర్తొచ్చింది.

కొత్తగా పెళ్ళయిన రోజులవి. పాకాల దగ్గర అత్తవారి ఊళ్ళో నేను కోయని కోత లేదు. తిరుమల ఘాటులో ఒక మబ్బును టిఫిన్ డబ్బాలో పట్టి మూత బిగించాననీ, ఇంటికొచ్చి తెరిస్తే అర గ్లాసు నీళ్ళయిందనీ చెబితే మామగారు నవ్వకుండా తలాడించారు. ఆ తలాడింపే కొంప ముంచింది. ఆ కార్తీకంలో శెనక్కాయ చేను పీకించాలా, ఆగాలా అని ఆయన నన్నే అడిగారు.

ఆకాశం నిండా తెల్లటి మబ్బుతునకలు, దువ్వినట్టు వరసలు వరసలు. చేయి చాచి బొటనవేలు అడ్డం పెడితే తునక వేలంత ఉంటే నడిమి ఎత్తు మబ్బు, అంతకన్నా బాగా చిన్నదైతే ఇంకా పైది అని బడిలో అయ్యవారు చెప్పిన గుర్తు. వేలంతే ఉన్నాయి. ఇవి కురిసేవి కావు, పీకించండి అన్నాను. అది అబద్ధమూ కాదు. వాటి వెనక ఏమొస్తుందో అయ్యవారు చెప్పిన రోజున నేను బడికి పోలేదు, అంతే.

చేనంతా పీకి, కాయలు పైకొచ్చేలా చెట్లు తిరగేసి ఆరబెట్టారు. ఇంటిల్లిపాది ఏడాది కష్టం నా మాట మీద నేలన పరుచుకుంది. మూడోనాటికి తునకలన్నీ కలిసి ఒకటే పొర అయింది. ఉరుము లేదు, గాలి లేదు; అంత పెద్దది అంత నిశ్శబ్దంగా రావడం చూసి నోరు తెరుచుకుని నిలబడిపోయాను. మసకగానైనా సూర్యుడు కనిపిస్తున్నాడుగా అని మామగారికి ధైర్యం చెబుతుంటే, నా భార్య వాళ్ళ అవ్వ కర్ర ఊతంగా గట్టుమీదికొచ్చింది.

"సూర్యుడి సంగతి అట్లుండనీ నాయనా. నీ నీడ యాడుండాదో సూడు."

కాళ్ళ దగ్గర చూసుకున్నాను. లేదు. ఎవరికీ లేదు, అవ్వ కర్రకూ లేదు. సముద్రంలో వాయుగుండం పడితే ముందుగా ఈ పొరే వస్తుందట, నీడ పోయిందంటే వాన ఎంతో దూరంలో లేనట్టేనట.

"డబ్బా తెచ్చినావా? దీన్ని గూడా పట్టుకుందువు."

ఊరంతా చేలో దిగి చెట్లు మోసి వామి వేశారు, నేనూ మోశాను. సగం చేను వామికెక్కేసరికి సన్నటి వాన మొదలై రెండు రోజులు విడవలేదు. మిగిలిన సగం వారంలో నేలమీదే మొలకెత్తింది. ఆ తర్వాత నేనేం చెప్పినా మామగారు మళ్ళీ తలాడించలేదు.

ఇప్పుడాయన లేరు, అవ్వా లేదు, ఆ చేను మామిడితోపు అయింది. మన ఈడువాళ్ళకు తెలుసు, అప్పట్లో ఏ ఇంటిదైనా ఏదో ఒకటి, శెనక్కాయలో చింతపండో, ఎండలో పరిచి ఉండేది. మబ్బు మందమైతే ఊరు ఊరంతా తలెత్తేది. ఈనాడు వాన పడితే తడవడానికి నాదంటూ ఆరుబయట ఏమీ లేదు. అందుకేనేమో, మొన్న అంత మబ్బు నెత్తిమీదికొచ్చినా, కాసేపు చూసి, కిందికి దిగి టీ తాగాను.