గోదాములో రాక్ పాటలు, తువ్వాల కింద బేరం

ఆర్మూర్ పసుపు బజార్లో ఇంగ్లిష్ రాక్ పాటలను బేరానికి వాడుకున్న మొదటి తెలివిగలవాణ్ని నేనే. అంతకుముందు ఎవరికీ తట్టలేదు, ఆ తర్వాత ఎవరికీ ధైర్యం చాలలేదు. మా కమీషన్ దుకాణం వెనక గోదాములో పాటలు వినే బైఠక్‌లు పెట్టించింది నేను. పాట నడుస్తుండగా బేరం చేసుకోవచ్చని పసుపు కొనే సేట్ల చెవిన వేసిందీ నేనే.

క్యాసెట్లు మా బావవి. మా అక్కను బాల్కొండకు ఇచ్చాం. బావ చిన్న వయసులోనే దుబాయి పోయి, అక్కడ ఒక ఇంగ్లిష్ ఇంజనీరుకు కారు నడిపేవాడు. ఆ సాబ్ కారెక్కితే రాక్ పాటలే పెట్టేవాడట. పెట్టి ఊరుకోక, ఏ పాటను ఏ స్టూడియోలో ఎలా రికార్డు చేశారో దారి పొడుగునా చెప్పేవాడట. ఎనభైల చివర్లో సెలవు మీద వచ్చిన బావ రెండు పెద్ద స్పీకర్లతో పాటు ఆ కథలూ మోసుకొచ్చాడు. సాబ్ చెప్పింది సగం, బావ కలిపింది సగం. పసుపులో కల్తీని వాసనతో పట్టే నేను అందులో మాత్రం పట్టలేకపోయాను.

గోదామును ఎంచుకున్నది బావే. "లండన్ల ఉత్త అర్ర ఒకటుంటది బామ్మర్దీ. అండ్ల ఒక స్పీకరు, ఒక మైకు. పాటను గా అర్రలకు ఇడిసి, గోడలకు తాకి వచ్చిన సప్పుడును మల్ల పట్టుకుంటరు. గోడలు గూడ పాడినట్టే," అన్నాడు.

"మా గోడలు పాటలు పాడయి బావా, దుమ్ము రాలుస్తయి," అన్నాను.

బజారు బందున్న మధ్యాహ్నాలు తలుపులు మూసి కూర్చునేవాళ్లం. పాట నడిచినంతసేపు ఎవరూ నోరు మెదపకూడదు. అదొక్కటే షరతు. పాట మొదలయ్యే ముందు బావ లేచి చెప్పేవాడు.

"గీ డ్రమ్ము మెట్ల కింద కూసోని కొట్టిండు. మైకు పై అంతస్తుల యాలాడదీసిండ్రు. మంచిగ ఇనుండ్రి, దెబ్బ వడ్డంక సప్పుడు మెట్లెక్కుతది."

దెబ్బ పడేది. పసుపు కొమ్ములను మెరుగుపెట్టే ఇనుప పీపాలో మనిషిని వేసి తిప్పినట్టుండేది. గిటారు పైకప్పు రేకులను ఊడబెరికేది. మొదటి రోజే ఒక సేటు చెవులు మూసుకుని, "వాని గొంతు కోస్తున్నరు, ఎవడన్న ఇడిపియ్యుండ్రి!" అని అరిచాడు. బావ టేపు ఆపి ఆయన్ను బయటికి నెట్టాడు.

మా బజార్లో ధర నోటితో చెప్పరు. చేతుల మీద తువ్వాల కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుంటారు. ఎన్ని వేళ్లు పడితే ధర అంత. పక్కవాడికి తెలియదు. అలాంటి బేరానికి నోరు మెదపకూడని మసక గోదాముకు మించిన చోటేది? సేట్లు అందుకే రాసాగారు. బావ మాత్రం జనం పెరిగారని మురిసిపోయాడు.

అప్పటికి పాత వీసా గడువు తీరి బావకు కొత్తది వచ్చింది. బొంబాయిలో మెడికల్ పాసైతే విమానమే. అక్క ఇంటికి స్లాబు పడడం ఆ ప్రయాణం మీదే ఆధారపడి ఉంది.

ఆఖరి బైఠక్‌కు మెండోర రైతు ఒకాయన వచ్చాడు. పసుపు నా దుకాణంలో దించి, అమ్ముడుపోయేదాకా కదలనని కూర్చున్న మనిషి. మూడు వేళ్ల ధరకు మించి రాదని ఆయనకు చెప్పి ఉంచాను. ఆయన పక్కనే, తువ్వాల కింద, ఒక సేటు నా నాలుగు వేళ్లు పట్టుకున్నాడు.

బావకు మేం పాట వినడం లేదన్న సంగతే కనబడింది. "నేను గొంతు చించుకోని చెప్పి పాట వెడితే తువ్వాల కింద ఏం పిసుక్కుంటున్నర్రా?" అంటూ దాన్ని లాగేశాడు. బజారు ముఖం తెలిసిన ఎవడూ ఆ పని చేయడు. రేకుల సందులోంచి పడే ఎండలో నాలుగు వేళ్లూ తేటగా కనబడ్డాయి.

"నాకు మూడన్నవ్ గదరా సావుకారీ! నాలుగోది నీ అయ్యదా?" రైతు లేచాడు.

"పటేలా, జర ఇను..."

"గంట సంది ఇనుడే గదరా!"

మొదటి గుద్దుకు నా పళ్లు రెండు ఊడి నాలుక మీద పడ్డాయి. రెండోదానికి సేటు బస్తాల మీదికి ఎగిరిపడ్డాడు. తర్వాత రైతు చేతికి బస్తాలు లాగే ఇనుప కొక్కెం దొరికింది. నా మీదికి ఎత్తిన దానికి బావ అడ్డం వచ్చాడు. కొక్కెం వెనకవైపు ఆయన ఎడమ చెవికి తగిలింది. బావ అరుపు పాటలో కలిసిపోయింది. పాట ఆగినా అరుపు ఆగకపోతేగానీ అది బావదని మాకు తెలియలేదు.

పసుపులో పుట్టినవాళ్లం, నెత్తురు కనబడితే చెయ్యి దానంతటదే పసుపు మీదికి పోతుంది. నేల మీది పసుపు దుమ్మును గుప్పెడెత్తి బావ చెవిలో కుక్కాను. కొట్టిన రైతే ఆయన్ను భుజాన వేసుకుని జీపెక్కించాడు.

వారం తర్వాత నిజామాబాద్ దవాఖానలో డాక్టరు నా ముఖం కూడా చూడలేదు. "దెబ్బకు చెవిలో పొర చినిగింది, అది మానేది. చీము పట్టింది లోపల కుక్కిన దుమ్ముతో," అన్నాడు. బావకు ఆ చెవి వినబడకుండా పోయింది, దాంతో మెడికల్ పోయింది. వీసా పోయింది. అక్క రేకుల కిందే ఉండిపోయింది.

రైతుకు నాలుగు వేళ్ల ధర ఇచ్చాను. దవాఖాన ఖర్చు కట్టాను. ఆ రెండూ కట్టి లెక్క తీరిందనుకున్నాను. మెండోర రైతు మా బావ చెవి తీశాడని ఏళ్లపాటు బజారంతా చెప్పుకున్నాను. ఆయన తీసినవి నా రెండు పళ్లు, అవి ఆయనకు న్యాయంగా రావలసినవే. చెవి తీసింది నా గుప్పెడు. స్లాబు ఆపింది నా నాలుగో వేలు. ఆ రెంటికీ ఇప్పటిదాకా అక్కకు నేను కట్టింది ఏమీ లేదు.