చర్చి తలుపు మీద చుట్టల ఎస్తేరమ్మ

తొంభైల మధ్యలో నన్ను హస్తకళల శాఖ తరఫున శంషాబాద్ వైపు నాణ్యత తనిఖీకి వేశారు. మా దగ్గర పని నేర్చుకున్న శిల్పి మొదటి పెద్ద పని ముగిస్తే, చెక్క ఆరిందా, అతుకులు గట్టిగా ఉన్నాయా అని చూసి పాస్ ముద్ర వేయాలి. బొమ్మ బాగుందో లేదో చెప్పే అధికారం మాత్రం నాకు లేదు. అదే హాయి.

ఆ ఎండాకాలం మామిడిపల్లిలో యోహాను అనే అలాంటి కుర్ర శిల్పి పని చూడ్డానికి వెళ్లాను. కొత్త చర్చికి టేకు తలుపు చేశాడు. ఊరివాళ్ల పనులన్నీ దాని మీద చెక్కాడు: నాగలి పట్టినవాడు, హిమాయత్ సాగర్‌లో వల వేసేవాడు, అందరికంటే పెద్దగా, కాళ్లు చాపుకొని పొగాకు చుట్టలు చుడుతున్న ఆడమనిషి. ఆమె యోహాను వాళ్లమ్మ ఎస్తేరమ్మ. చుట్టలు అంగట్లో అమ్మి కొడుకును పెంచింది.

చిక్కంతా అక్కడే వచ్చింది. సంఘపెద్ద అబ్రహాము గారు, "దేవుని ఇంటి మీద పొగాకేంది? ఆకు తీసి పూలదండ పెట్టు. లేకుంటే తలుపే వద్దు" అని పట్టుబట్టారు. యోహాను ముఖం చిన్నబోయింది. ఉలి తీసుకున్నాడు గానీ అమ్మ బొమ్మ మీద పెట్టలేకపోయాడు. నాకు ఒళ్లు మండింది. అయినా అది నా పరిధి కాదు కదా, నోరు మూసుకుని అతుకులు చూడ్డానికి వంగాను.

వంగానో లేదో, ఘాటు ముక్కుకెక్కింది. మాది గుంటూరు వైపు, పొగాకు వాసన నాకు కొత్తా? వస్తున్నది తలుపులోంచే! ఇంట్లో వాన కురవని గది పొగాకు ఆరేసే గది ఒక్కటేనట. పోయిన వానాకాలమంతా పలకలు ఆ కట్టల మధ్యే ఆరాయని యోహాను నసుగుతూ చెప్పాడు.

"పూలదండే చెక్కించండి. మల్లెపూలు చుట్ట కంపు కొడతాయి, అంతే" అన్నాను అబ్రహాము గారితో.

ఆయన నమ్మక ముక్కు ఆనించి చూసి, గట్టిగా తుమ్మారు. అందరూ నవ్వారు. గోడవారన కూర్చున్న ఎస్తేరమ్మ మాత్రం నవ్వలేదు.

"అన్నా, గీ చేతులు పూలదండ ఎన్నడు అల్లలే. చుట్టలే చుట్టినయ్. గీ చేతులే జోడించి ఆదివారం మీ పక్కన ప్రార్థన చేస్తున్న. గప్పుడు రాని వాసన, గిప్పుడెట్ల వచ్చింది?"

 అబ్రహాము గారు, "ఇగ ఎత్తుండ్రి" అంటూ తలుపుకు తనే ఓ కొస పట్టారు. నేను ముద్ర వేశాను.

చెక్క ఎక్కడ ఆరిందో ఆ వాసన దాంతోనే ఉంటుంది, ఉలితో తీస్తే పోదు. అప్పట్నుంచి రిటైరయ్యే దాకా ఏ పనినైనా ముందు వాసన చూశాకే అతుకులు చూశాను.