జూన్ దాటని నెట్ సెంటర్

ఉదయశ్రీకి కోపం ముక్కు మీదే ఉంటుందని అశోక్‌నగర్‌లో అందరూ అంటారు. అది శుద్ధ అబద్ధం. ముక్కు దాకా రావాలంటే కోపానికి కాస్తయినా సమయం పడుతుంది కదా, ఆమె ఆ మాత్రం సమయం కూడా ఇచ్చే మనిషి కాదు.

పుట్టి పెరిగింది చిక్కడపల్లి గల్లీలో. పెళ్ళయ్యాక అశోక్‌నగర్‌లో ఎస్టీడీ బూత్ పెట్టింది. సెల్‌ఫోన్లు వచ్చి బూత్ ఈగలు తోలుకునే స్థితికి వస్తే, భర్త ఫణీంద్ర నసుగుతున్నా వినకుండా అదే కొట్టు మడిగలో ఎనిమిది కంప్యూటర్లు దించి నెట్ సెంటర్ చేసింది. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, ఆ నోరే లేకపోతే ఆ సెంటర్ ఆరు నెలలు కూడా నిలిచేది కాదు. కరెంటు పోతే లైన్‌మన్‌ను, నెట్ పోతే కేబుల్ వాళ్ళను, ఫ్యాన్ పోతే ఇంటి ఓనరును తిట్టి తిట్టి పని చేయించుకుంది. సర్కారు కొలువులకు చదువుకునే హాస్టల్ పిల్లలు ఆమె తిట్లు తింటూనే అక్కడికి వచ్చేవారు. ఆమె చేత్తో నింపిన దరఖాస్తు ఒక్కటి కూడా తిరిగి రాలేదు మరి.

2012లో దసరా ముందు కొత్త తలనొప్పి మొదలైంది. పిల్లలు ఇంటివాళ్ళతో వీడియోలో మాట్లాడే ప్రోగ్రామ్, చాటింగ్ ప్రోగ్రామ్ రెండూ కొత్త రకానికి మారాయి. మారిన రోజు నుంచీ అవి లోపలికి రానివ్వడం మానేశాయి. పేరు, పాస్‌వర్డ్ కొడితే చక్రం కాసేపు తిరిగి, మళ్ళీ పాస్‌వర్డ్ అడుగుతుంది. మళ్ళీ కొడితే మళ్ళీ అడుగుతుంది.

ఉదయశ్రీ మొదట కేబుల్ వాళ్ళను తిట్టింది. తర్వాత నారాయణగూడ నుంచి వచ్చే మెకానిక్ శ్రీపతిని తిట్టింది. అతను ప్రోగ్రాములు తీసేసి మళ్ళీ ఎక్కించాడు, మోడెం మార్చాడు, చివరికి కౌంటర్ మెషిన్ ఒక్కటి వదిలి మిగతా ఎనిమిది కంప్యూటర్లూ మొదటి నుంచీ సర్దాడు. ఏమీ మారలేదు. ఇక తిట్టడానికి మిగిలింది పిల్లలే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పాస్‌వర్డ్ మర్చిపోయి మెషిన్ మీద పెడుతున్నారని తేల్చేసింది. "పాస్‌వర్డ్ మరిచినవారు మాతో వాదించరాదు" అని గోడకు కాగితం కూడా అంటించింది.

నవంబరు చివర్లో ఉప్పలయ్య వచ్చాడు. రెండు వీధుల అవతల హాస్టల్లో ఉండి చదువుకునే కుర్రాడు, గొంతెత్తి మాట్లాడి ఎరగడు. ఢిల్లీలో ఒక ట్రస్టు ఏటా కొందరు పేద విద్యార్థులకు వసతి, తిండి, కోచింగ్ ఉచితంగా ఇస్తుంది. అతని రాతపరీక్ష అయిపోయింది, మిగిలింది ఇంటర్వ్యూ ఒక్కటే. అది వీడియోలో, ఉదయం పదకొండుకు. ఆ సెంటర్లో వీడియోలో మాట్లాడే పని అతనికి అంతకుముందు ఎప్పుడూ పడలేదు. ఇరవై ఆరేళ్ళు నిండితే ఆ ట్రస్టు తీసుకోదు. ఉప్పలయ్యకు వచ్చే నెలలోనే ఇరవై ఆరు నిండుతాయి. ఈ సంగతంతా ఉదయశ్రీకి తెలుసు, ఆ దరఖాస్తు నింపింది ఆమే.

ఇస్త్రీ చొక్కాతో, సర్టిఫికెట్ల ఫైలుతో పది నలభైకే వచ్చి మూల కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పాస్‌వర్డ్ కొట్టాడు. చక్రం తిరిగింది. మళ్ళీ అడిగింది. నాలుగుసార్లు అయ్యాక మెల్లగా పిలిచాడు.

"అక్కా, జర చూడుండ్రి. మల్ల మల్ల అడుగుతున్నది."

"నీకు మతికి లేదు, అందుకే అడుగుతున్నది."

"ఉన్నది అక్కా. కరెక్టే కొడుతున్న."

"అందరు గదే అంటరు! ఒక్క పాస్‌వర్డ్ యాద్ పెట్టుకోరాదు గని రాజ్యాంగం మొత్తం యాద్ పెట్టుకుంటరంట, కలెక్టర్లయితరంట!"

సెంటర్లో ఉన్న ఏడుగురూ తలలు తిప్పి చూశారు. ఇద్దరు నవ్వారు. ఉప్పలయ్య ముఖం మాడిపోయింది. గడియారం పదకొండుకు ఐదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. అతను ఫైలు తీసుకుని లేచాడు.

"నారాయణగూడల ఇంకో సెంటర్ ఉన్నది, ఉరికిపోత అక్కా."

"ఏడికి పోతవ్? పోయి నా సెంటర్ల పని అయితలేదని ఊరంత చెప్తవా? కూసో. నేను తీస్త."

అతను కూర్చున్నాడు. కూర్చోకుండా పోయి ఉంటే బాగుండేది. కానీ ఆ గొంతుకు ఎదురు చెప్పి బయటపడినవాడు ఆ వీధిలో ఇంతవరకు లేడు. కీబోర్డు లాక్కుని ఆమే కొట్టింది. తీగలు పీకి పెట్టింది. మెషిన్ ఆపి మళ్ళీ వేసింది. శ్రీపతికి ఫోన్ చేసి కడిగేసింది. పదకొండు దాటింది, పదకొండుంబావు దాటింది. ఉప్పలయ్య చేతులు ఒళ్ళో పెట్టుకుని తెర కింది మూలలో గడియారం అంకెలనే చూస్తున్నాడు. ఇక ఉండలేక మౌసు కదిపాడు. బాణం ఆ అంకెల మీద ఆగేసరికి పైన చిన్న డబ్బాలో తేదీ కనిపించింది.

"అక్కా, దీంట్ల 2011 జూన్ అని ఉన్నది."

ఉదయశ్రీ తల గిర్రున కౌంటర్ మెషిన్ వైపు తిరిగింది.

ఎవరు ఎంతసేపు కూర్చున్నారో చెప్పే ప్రోగ్రామ్ ఒకటి కౌంటర్ మెషిన్‌లో ఉంది. ముప్పై రోజులు ఉచితం, ఆపైన కొనాలి. ఆమె కొనలేదు. ఎక్కించింది 2011 జూన్‌లో. నెల తిరిగేసరికి మెషిన్ తేదీని మళ్ళీ జూన్ ఒకటికి జరిపేది. కౌంటర్ మెషిన్‌లో ఏ తేదీ ఉంటే మిగతా అన్నిటిలోనూ అదే. ఏడాదిన్నరగా ఆ సెంటర్ జూన్ దాటలేదు. పాత ప్రోగ్రాములు దాన్ని పట్టించుకోలేదు. కొత్తవి తేదీ కుదరకపోతే మనిషిని నమ్మవు. ఈ తెలివి తనదేనని ఆమె ఎవరికీ చెప్పలేదు, చివరికి శ్రీపతికి కూడా. తన చేత్తో తాను చేసుకున్న పనికి రెండు నెలలు ఊరందరినీ తిట్టింది!

కౌంటర్ దగ్గరికి పరుగెత్తి తేదీ సరిచేసింది. ఉప్పలయ్య పాస్‌వర్డ్ కొట్టాడు. ఒక్కసారికే తలుపు తెరుచుకుంది. పదకొండు నలభై.

తెర మీద కళ్ళద్దాల ఆవిడ కనిపించి, పదకొండుంబావుకే పేర్లు ముగించామని హిందీలో చెప్పింది. ఉదయశ్రీ కుర్చీ పక్కకు తోసి కెమెరా ముందుకు వంగింది.

"గల్తీ మేరీ హై మేడమ్! బచ్చా ఏక్ ఘంటేసే యహీఁ బైఠా హై!"

తప్పు తనదేనని, పిల్లాడు గంట నుంచీ ఇక్కడే కూర్చున్నాడని ఆమె మొత్తుకుంటుంటే ఆవిడ ఓపికగా విన్నది. జాబితా పైకి వెళ్ళిపోయిందని, వచ్చే ఏడు మళ్ళీ రాయమని చెప్పి పెట్టేసింది. ఉదయశ్రీ ఖాళీ తెరను కూడా తిట్టింది.

ఉప్పలయ్య లేచి నిలబడ్డాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది. మొట్టమొదటిసారి అతని గొంతు సెంటర్ అంతటా వినిపించింది.

"అందరి ముందల తిట్టిన్రు గద అక్కా. తప్పు ఎవరిదో గది గూడ అందరి ముందల చెప్పుండ్రి."

ఉదయశ్రీ కౌంటర్ దగ్గరికి వెళ్ళి పిల్లల వైపు తిరిగింది.

"తప్పు నాది," అంది. అది కూడా తిట్టినట్టే వచ్చింది, ఆమెకు వేరే గొంతు లేదు. "ఈ పిల్లగాని పాస్‌వర్డ్ కరెక్టే. రెండు నెలల సంది మీ అందరియి కరెక్టే. తేదీ మార్చింది నేను. ఈయన వేరే సెంటర్‌కు పోతనంటే పోనియ్యంది గూడ నేనే."

ఉప్పలయ్య అంతా విన్నాడు. ఫైలు చంకలో పెట్టుకున్నాడు.

"వచ్చే నెల నాకు ఇరవై ఆరు నిండుతయి అక్కా," అన్నాడు. "గా మెషిన్ల నా వయసు గూడ జర వెనుకకు జరుపుండ్రి."

సమాధానం కోసం ఆగకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.