భయపడితే లెక్క ఎట్లా పెట్టినావు?

పాల డెయిరీలో లీటర్లు, ఫ్యాట్ లెక్క రాసే పని నాది. బడి మానేశాక సొంతంగా నేర్చుకున్న లెక్కలే నాకు అన్నం పెడుతున్నాయి.

మూడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం క్యాసంబళ్ళి దాటి ఇంటికి నడిచి వస్తుంటే, ఇద్దరు నన్ను వ్యాన్‌లోకి లాగి కళ్ళకు గుడ్డ కట్టారు. "అరిస్తే గొంతు కోస్తాం" అన్నారు. అరుపు ఆపుకోవడానికి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. రోడ్డుకు అడ్డంగా వేసిన హంపులు పదిహేడు, ఎడమకు నాలుగు మలుపులు, కుడికి మూడు. మూతపడిన బంగారు గని పాత క్వార్టర్స్‌లో పడేసి, నగలు ఒలుచుకుని, పొద్దుగూకకముందే రోడ్డు పక్కన వదిలేశారు.

నా లెక్క పట్టుకునే పోలీసులు చాంపియన్ రీఫ్స్ గని కాలనీలో ఆ ఇల్లు కనుక్కున్నారు. ఇద్దరూ దొరికారు.

వాళ్ళు దొరికిన మరునాడు పలకరించడానికి వచ్చిన మా పెద్దాడబిడ్డ అందరి ముందూ అనింది: "ఎత్తుకపోతాంటే హంపులు లెక్కపెడతారామ్మా ఎవరన్నా? నేనైతే గుండె పగిలి సచ్చిపోయిందును. వాళ్ళు నీకు ముందే తెలిసినోళ్ళేమో అని ఊరంతా అంటాండారు."

"ఏడ్చింటే నమ్ముతాంటివా వదినా?"

"ఇంగ, ఆడదన్నాక ఏడుస్తాది గదమ్మా!"

నా భర్త నేల చూపులు చూస్తూ కాఫీ తాగుతున్నాడు. గ్లాసు లాక్కున్నాను. "నువ్వు చెప్పు, నమ్మినావా, లేదా?"

"నమ్మినాను. అక్కతో వాదన ఎందుకులే."

ఆ వ్యాన్‌లో భయంతో నా చీర తడిసిపోయింది. పోలీసులకు కూడా చెప్పలేదు. చెప్పి ఉంటే మా వదిన నమ్మేదేమో. ఆమెకు మాత్రం చచ్చినా చెప్పను. నా భయానికి నేనెందుకు సాక్ష్యం చూపించాలి?