దాంట్లోనే పట్టుకో

మా బావకు బుద్ధి తక్కువని అక్క పెళ్లిచూపుల రోజే చెప్పాను. చిన్నపిల్లవు, నీకేం తెలుసని మా నాయన నా నోరు మూయించాడు. బెళుగుప్ప దగ్గర వాళ్ల చేనులో ఎన్ని బోర్లు వేసినా దుమ్మే లేచింది. అయినా కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నీళ్ల జాడ చెప్పేవాడు వచ్చి, "ఇంగ రవ్వంత లోతు పోనీ అన్నా, గంగమ్మ ఈడే ఉండాది" అంటే చాలు, బావ తల ఊపేవాడు. అలాంటి మనిషి చేతిలో ఫోను పెడితే కోతికి కొబ్బరికాయ దొరికినట్టే కదా!

ఇంట్లో కూర్చుని సంపాదన అని ఫోనులో ఏదో మెసేజి వచ్చిందట. పని ఏమిటంటే, ఊరూ పేరూ తెలియని హోటళ్లకు బాగున్నాయని ఫోనులో ఐదేసి స్టార్లు పెట్టడం. అనంతపురం బస్టాండు దాటి ఎక్కడా టీ కూడా తాగని మనిషి, సముద్రం ఒడ్డున ఉన్న హోటలు బ్రహ్మాండంగా ఉందని రాశాడు. మొదట్లో చిల్లర నిజంగానే ఖాతాలో పడింది. దాంతో మీసం మెలేసి, ఎండలో వేరుశనగ పీకేవాళ్లను చూసి నవ్వాడు. గాలానికి ఎర గుచ్చేవాడు చేప మీద ప్రేమతో గుచ్చుతాడా? తర్వాత పెద్ద పని కావాలంటే ముందు డబ్బు కట్టాలన్నారు. కట్టాడు. ఇంకా కట్టాడు. ఫోనులో అంకె పెరిగింది, చేతికి మాత్రం రాలేదు. అడిగితే, పన్ను కడితే మొత్తం ఒకేసారి ఇస్తామన్నారు. ఆ పన్ను కోసం అక్క ఆవును అమ్మడానికి సిద్ధపడ్డాడు ఆ మహానుభావుడు.

వానలు ఎగ్గొట్టిన ఆ ఏడు వాళ్ల పొయ్యి వెలిగింది ఆ ఆవు పాలతోనే. "ఆవు పోతే మేం ఏం తినాల మ్మీ? నువ్వు రా" అని అక్క ఫోనులో ఏడ్చింది. దొరికిన బస్సెక్కి పోయాను.

నేను పోయేసరికి వాకిట్లో బేరగాడు ఆవు నోరు తెరిచి పళ్లు చూస్తున్నాడు. మంచం మీద బావ ఫోను చూస్తున్నాడు. పలుపు మాత్రం అక్క వదల్లేదు.

"ఏం బావా, ఈయప్ప ఆవు పండ్లు చూస్తాండాడు, నువ్వేమో పన్ను కడతావంట?" అన్నాను.

"నీకేం తెల్సు మ్మీ? లచ్చలు ఉండాయి నా దుడ్లు. చూడు."

"అంకెలే చూడాలంటే గోడ మీద క్యాలెండరు ఉండాది కదప్పా!"

అతను పట్టించుకోకుండా, ఆ పని ఇచ్చే మేడమ్ ఫోనులో పంపిన గొంతు వినిపించాడు. "ప్రియమైన సార్, దయచేసి మీ పన్ను తక్షణమే చెల్లించండి." ఆ గొంతులో ఒక్క దగ్గు లేదు, ఊపిరి తీసుకున్న జాడ లేదు, మిషను మాట్లాడినట్టే ఉంది. మా బావకు మాత్రం ఆ 'ప్రియమైన' దగ్గరే మొహం వెలిగిపోయింది. ఛీ అనిపించింది.

నోటికొచ్చినట్టు తిట్టాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఈలోగా బేరగాడు లేచి చేతులు దులుపుకుని, "టెంపో బాడిగ నేనిచ్చే దుడ్లలోనే పట్టుకుంటాన్నా, మిగిలింది నీ చేతిలో పెడతా" అన్నాడు.

"అంతేలే, ఎప్పుడూ ఉండేదే కదా" అన్నాడు బావ.

నాకు ఒళ్లు మండిపోయింది.

"విన్నావా? ఈయప్ప బాడిగ ముందర కట్టమన్నాడా? మండీలో టమోటా వేసినప్పుడు కమీషను ముందర కట్టినావా? అందరూ దాంట్లోనే పట్టుకుంటారు. నీ మేడమ్మకు ఏం రోగం? పట్టుకోమను!"

బావ గడ్డం గోక్కున్నాడు. ఆఖరికి ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు. "మేడమ్, మీ పన్ను నా దాంట్లోనే పట్టుకొని మిగిలింది పంపండి."

"క్షమించండి సార్. దయచేసి ముందుగా చెల్లించండి."

"పోనీ సగం నువ్వే పెట్టుకో తల్లీ. సగం పంపు, చాలు."

సగం ఊరికే ఇస్తానంటే వద్దనే దొంగ ఉంటాడా? ఉంటాడు, అసలక్కడ ఏమీ లేకపోతే. కాసేపటికి ఫోనులో మేడమ్ ఫొటో మాయమైంది. ఆ తర్వాత బావ పెట్టిన మెసేజి ఒక్కటీ పోలేదు. తలకాయ పట్టుకుని ఏడ్చాడు. జాలిపడాలి కాబోలు, నాకు రాలేదు. అక్క బేరగాడిని పంపేసి ఆవును కొట్టంలో కట్టేసింది.

కట్టిన డబ్బు మాత్రం పోయిందే. కొన్నాళ్లకు నేను మళ్లీ వాళ్లింటికి పోయిన సాయంత్రం బావ ఫోను మోగింది. ఎవడో కొత్తవాడు. "మోసపోయినవాళ్ల డబ్బు తిరిగి ఇప్పిస్తాం సార్. ముందు కొంచెం ఫీజు కట్టండి, రేపటికల్లా మొత్తం మీ ఖాతాలో పడుతుంది" అంటున్నాడు. స్పీకరులో అందరం వింటున్నాం. బావ మొహంలో మళ్లీ అదే వెలుగు! కళ్లు మెల్లగా కొట్టం వైపు తిరిగాయి.

ఆవు పక్కన కూర్చుని పాలు పిండుతున్న అక్క తల కూడా ఎత్తలేదు.

"దాంట్లోనే పట్టుకోమను" అంది.